ఒక ‘ఓ’ ఎక్కువైంది

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియదనిపిస్తే కదా ఎవరినైనా అడగడానికి! డిగ్రీ చేతికి రాగానే భవానీపూర్‌లో ఒక బొగ్గు వ్యాపారుల ఆఫీసులో చేరాను. బెంగాల్‌కి వలసొచ్చి ఖిదిర్‌పూర్ ఓడరేవులో బరువులు మోసి నడుం పోగొట్టుకున్న నాన్న అప్పటికే ఇంట్లో కూర్చున్నాడు కనుక, నా ప్రొబేషన్ గట్టెక్కితేనే ఏక్‌బాల్‌పూర్‌లో మా పొయ్యి వెలిగేది. అది ముగిసే వారంలో మా బొరోబాబు (అంటే పెద్దాయన, బెంగాలీ) పిలిచి, "కోకింగ్ కోల్ వాడకం ఏ దేశంలో పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది, ఎందుకు? శుక్రవారం పెద్ద ఖాతాదారులొస్తారు, నువ్వే చెప్పాలి" అన్నారు. బెంగాలీలు నోట్లో రసగుల్లా పెట్టుకుని మాట్లాడతారు కదా, మా వీధిలో విమల బిమోలా అయినట్టే కుకింగ్ కాస్తా కోకింగ్ అయిందనుకున్నాను. కాగితాల్లోనూ అలాగే ఉంటే, పాపం టైపు చేసినవాడూ బెంగాలీయే అని జాలిపడి, ఇంగ్లీషు స్పెల్లింగులో అంతటా ఇంకో ‘ఓ’ చేర్చి దిద్దేశాను.

పెరగడాలూ తగ్గడాలూ కాగితాల్లో ఉన్నాయి, కారణాలే లేవు. వంట సంగతి కనుక, జన్మంతా బొగ్గుల పొయ్యి ఊదిన మా మామ్మను పట్టుకున్నాను.

"చైనావోల్లు అంత బొగ్గు ఏటికి కాలుస్తారే మామ్మా?"

"ఏటికేటే, నోల్లెక్కువ కాదేటి!"

"మరి జపాన్లో తగ్గతంది?"

"పచ్చి సేపలు తింటారని నువ్వే సెప్పినావు గదే. ఆల్లకి పొయ్యెందుకు?"

ఐరోపా వాళ్లు రొట్టె మీద వెన్న రాసుకుని సరిపెట్టుకుంటారట. మన దేశంలో పెరగడానికి కారణం మా మేనత్త రాకపోకలట (దాన్ని ‘అతిథి మర్యాదల ప్రభావం’ అని గంభీరంగా రాసుకున్నాను).

శుక్రవారం చైనా నోళ్ల గురించి చెప్పినంతసేపూ ఎవరూ కదల్లేదు. జపాన్ చేపల దగ్గరికి రాగానే ఒక పెద్దమనిషి చెయ్యెత్తి, "దిదీ, మాది ఉక్కు ఫ్యాక్టరీ. ఈ బొగ్గుని కోక్‌గా మార్చి కొలిమిలో ఇనుప ఖనిజం కరిగిస్తాం. ఇలిష్ చేపల పులుసు పెట్టం" అన్నాడు. గది గదంతా గొల్లున నవ్వింది. బొరోబాబు కళ్లు మూసుకున్నారు. నాకు మాత్రం నాన్న నడుమే కళ్లముందు కనిపించి ఏడుపొచ్చేసింది.

అందరూ వెళ్లాక ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఈ విషయం మీద మీటింగు పెడితే ఎవరూ నిద్రపోకపోవడం ఇదే మొదటిసారి. సోమవారం రా. వచ్చేముందు కొలిమి గురించి చదువు" అన్నారు.

చదివాను. ఎంత చదివానంటే, ఇప్పుడు ఆయన కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. మొన్న జపాన్‌లో వాడకం ఎందుకు తగ్గుతోందో ఉక్కు గిరాకీ, పాత ఇనుము, కరెంటు కొలిమి అంటూ ఒక్క తప్పు లేకుండా చెప్పాను. సగం మంది ఫోన్లు చూసుకున్నారు, ఒకాయన గురక పెట్టాడు. చేపల కథ చెప్పిన ఆనాటి ఆ పిల్లంటే నాకు కొంచెం అసూయగా ఉంటుంది. అంత నిబ్బరంగా తప్పు చెప్పడం మళ్లీ నావల్ల కాలేదు.