అమ్మల పతకాలు, అమ్మ బకెట్టు

హిందూపురంలో నెలకొక ఆదివారం ఒక లాడ్జి మేడమీది గదిలో మేము ఏడెనిమిది మందిమి కూడుతాం. ఒకడు పాత నాణేలు పోగేస్తాడు, ఒకడు స్టాంపులు, ఇంకొకడు అగ్గిపెట్టెల మీది బొమ్మలు. నావి పతకాలు, అందులోనూ యుద్ధకాలంలో ప్రభుత్వాలు తల్లులకు ఇచ్చినవి. ఈ మాట చెప్పగానే కొత్తగా వచ్చినవాళ్ళు 'అబ్బో' అంటారు. పదేళ్ళుగా ఆ 'అబ్బో' తినే నేను బలిశాను. గదిలో ఉన్నదంతా మగ మూక, ఒక్కడికీ పురిటి నొప్పి సంగతి తెలియదు. కాన్పుల లెక్క మాత్రం నాకు ఎక్కాల్లా వచ్చు.

నా దగ్గరున్నవి జర్మనీవి, మూడు. నలుగురైదుగురిని కన్నామెకు కంచుది, ఆరేడుగురిని కంటే వెండిది, ఎనిమిదీ ఆపైన అయితే బంగారు పూతది. శిలువ ఆకారం, నీలం రంగు, తెల్ల అంచు, మెడలో వేసుకోవడానికి సన్నని రిబ్బను. వెనకవైపు ఒక తేదీ, దాని కింద అప్పట్లో ఆ దేశాన్ని ఏలినవాడి సంతకం. కన్నది ఆమె, సంతకం వాడిది. అది కూడా ఊరికే ఇచ్చేవాళ్ళు కాదు. ఏ రక్తమో, ఏ వంశమో విచారించి, తమకు పనికొచ్చే తల్లి అని తేలితేనే ఇచ్చేవాళ్ళు. అది వేసుకుని వీధిలోకి వస్తే కుర్రాళ్ళు ఆమెకు సెల్యూట్ కొట్టాలట. ఆ కుర్రాళ్ళనే తర్వాత యుద్ధానికి తోలుకుపోయారు. మన జాతరల్లో మేకపోతుకు బొట్టుపెట్టి దండ వేస్తారు. వీళ్ళు మేకను ఈనిన తల్లికి కూడా దండ వేశారు, అంతే తేడా.

ఇదంతా తెలిసే పోగేశాను. పైగా బేరాలాడి పోగేశాను. బంగారు పూతదానికి వెనక సంతకం మీద అడ్డదిడ్డంగా గీతలున్నాయి. బెంగళూరులో అమ్మినవాడు "పాడైన పీసు సార్" అని వాడే ఒప్పుకున్నాడు. నేను మొహం చిట్లించి, ఇంకా తగ్గించి, గెలిచినవాడిలా జేబులో వేసుకుని వచ్చాను. వెనకవైపు ఎవరు చూడొచ్చారు, ముందువైపు పెడితే సరిపోతుంది అనుకున్నాను.

ఈ ఏడు అమ్మల దినం నాడు హిందూపురంలో ప్రదర్శన పెడదామన్నారు. అమ్మల దినం అంటే ఏమిటో మా గదిలో ఎవడూ వాళ్ళమ్మను అడిగి ఉండడు. మా నాణేలాయన పెద్దరికంగా అన్నాడు: "ఏమప్పా, మన సర్కారు మన తల్లులకు ఏమిచ్చిందో అది కూడా పక్కన పెట్టు. పోలిక బాగుంటాది."

నాకు వెంటనే మా ఇంట్లో బకెట్టు గుర్తుకొచ్చింది.

మాది ధర్మవరం. హిందూపురంలో గుమాస్తా ఉద్యోగం, రోజూ రైలు. పెనుకొండ మధ్యలో వస్తుంది, నాకు అది రైలు ఆగే స్టేషను మాత్రమే. ఇంట్లో నేనూ నా భార్యా అమ్మా ఉంటాం. నాయన పోయాక మగ్గం తీసేశాం గానీ అమ్మ రాట్నం వదల్లేదు. పక్కింటి మగ్గాలకు పట్టు చుట్టి ఇస్తుంది. చుట్టిన కండెలన్నీ ఒక రేకు బకెట్టులో వేస్తుంది. ఆ బకెట్టు మీద ఒకప్పుడు ఎర్ర త్రికోణం ఉండేది, ఇప్పుడు తుప్పు ఏదో రంగు ఏదో తెలియదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నందుకు సర్కారు ఇచ్చిన బకెట్టు అది. అక్కడ ఎనిమిది మంది కావాల్సి వచ్చి బంగారు పూత పూశారు, ఇక్కడ ఇద్దరితో చాలించమని రేకు బకెట్టు ఇచ్చారు. భలే పోలిక అని మురిసిపోయాను. పట్టెడు బుద్ధి లేనివాడికి పోలికలు బాగా తోస్తాయి.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చున్నాను.

"అమ్మా, ఆ బకెట్టు నాలుగు దినాలు నాకియ్యి. హిందూపురంలో పెట్టి మల్లా తెచ్చిస్తా."

"యాడ పెడ్తావురా దీన్ని?"

"అద్దాల పెట్టెలో. ఈటి పక్కన."

మూడు పతకాలూ చాప మీద పరిచి, గదిలో చెప్పే ఉపన్యాసమే అమ్మకూ చెప్పాను. అమ్మ రాట్నం ఆపలేదు. అంతా విన్నాక చెయ్యి చాపి వెండిదాన్ని తూకం చూసినట్టు చూసింది.

"బరువు కూడా ల్యా. దీనికా ఆరుమందిని కనేది?"

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"ఇది ఇచ్చినాక పిల్లోల్లు యుద్ధంలో సస్తే, వాపసు తీసుకుంటారా?"

నాకు తెలియదు. పదేళ్ళలో ఒక్కసారీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. "తెలీదమ్మా" అన్నాను.

"పదేండ్లు ఏం సదివినావురా మల్ల" అని రాట్నం ఆపింది. "నీ చెల్లెలు పోయినాక ఈ బకెట్టు ఎత్తుకోని నేను పెనుకొండకు పోతి. నీకు గ్యాపకం ఉండాదా?"

ఉంది. నాకు ఐదేళ్ళు. చెల్లెలికి రెండు కూడా నిండలేదు, జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. తర్వాత కొన్నాళ్ళకు పొద్దున్నే అమ్మ బకెట్టు పట్టుకుని ఎక్కడికో వెళ్ళింది. అమ్మ యాడికి పోయిందని అడిగితే, నీళ్ళకు పోయిందని అవ్వ చెప్పింది. పొద్దు వాలాక అమ్మ ఉత్త బకెట్టుతో వచ్చింది. ఇంతసేపు పోయి నీళ్ళు తేలేదని నేను అలిగాను. అది కూడా గుర్తుంది.

"ఎందుకు పోయినావు?"

"వాపసు ఇచ్చేదానికి. బకెట్టు ఇచ్చి ఆపరేషన్ చేసినారు గదా. వాపసు ఇస్తే ఆపరేషన్ ఇప్పేస్తారనుకుంటి."

అమ్మే చెప్పుకుంటూ పోయింది. చెల్లెలి కాన్పుకు పుట్టింట్లో ఉండగా పెనుకొండ పక్కన ఒక బడిలో ఆపరేషన్ల క్యాంపు పెట్టి, ఆడవాళ్ళను జీపులో తీసుకుపోయారు. బిడ్డ పోయాక ఈమె బస్సెక్కి ఆ బడికే పోయింది. క్యాంపు ఎత్తేసి ఏడాది దాటింది. అప్పుడు మంచాలున్న గదిలో ఇప్పుడు పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"అయివారు బయటికొచ్చినాడు. ఆయప్ప మంచోడే. బిడ్డ పోయింది సామీ, ఈ బకెట్టు ఎవురికియ్యాలా అంటి. భయపడొద్దమ్మా, బిడ్డ పోయినా బకెట్టు నీదే, ఎవురూ వాపసు అడగరు అన్న్యాడు."

"నువ్వేం చెప్పలేదా?"

"ఏం చెప్పేది. పిల్లోల్లందరూ నన్నే సూస్తాండిరి. బస్సెక్కి వస్తి."

నా మీద నాకే రోత పుట్టింది. ఆమె రోజూ కండెలు వేసుకునే బకెట్టును అద్దాల్లో పెట్టి, టిక్కెట్టు లేని తమాషా చేయబోయాను. పతకాలు తీసేద్దామని చెయ్యి చాపితే అమ్మ నా చెయ్యి తోసేసి బంగారు పూతదాన్ని అందుకుంది. వెనక్కి తిప్పి బొటనవేలితో తడిమింది. పట్టుపోగులో సన్నని ముడిని కూడా పట్టే వేలు అది.

"దీన్ని ఎవురు గీకినారు?"

"పాడైపోయింది లేమ్మా. అందుకే తక్కువకు వచ్చింది."

"పాడయ్యేదేందిరా? అంతా బాగుండాది, పేరు మీద్నే గీకిండారు. సూదితో, పనిగట్టుకోని." ఇంకోసారి తడిమింది. "ఈయమ్మకు వాపసు ఇచ్చేదానికి చోటు దొరికుండదు."

యుద్ధం ఓడిపోయాక ఎవరో భయపడి గీకారో, నిజంగా ఆ తల్లే కడుపుమండి గీకిందో నేను చెప్పలేను. అమ్మ మాత్రం ఆమె ఎదురింట్లో ఉన్నట్టే చెప్పింది. ఆ పతకాన్ని బకెట్టులో, కండెల కింద పెట్టింది. "ఆ రెండూ నువ్వు తీసుకుపో" అని రాట్నం తిప్పుకోసాగింది.

ప్రదర్శన రోజు కంచుదీ వెండిదీ పెట్టాను. ఎందుకు పెట్టానంటే, ఒప్పుకున్నాను గనక. అంతకంటే గొప్ప కారణం లేదు. వచ్చినవాళ్ళు అబ్బో అన్నారు, కొందరు వాటి పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. నాణేలాయన ఖాళీ జాగా చూసి దగ్గరికొచ్చాడు.

"బకెట్టేదప్పా?"

"ఇంట్లో ఇయ్యల్యా."

"బంగారుది?"

"వాపసు ఇచ్చేసినా."

ఆయన నా భుజం తట్టాడు. "మంచిపని చేసినావు. గీతలు పడిన పీసును ఎవురు సూస్తారు? ఆ బెంగళూరాయప్ప మర్యాదస్తుడు కాబట్టి వాపసు తీసుకున్న్యాడు."

చుట్టూ జనం మమ్మల్నే చూస్తున్నారు. నేనేమీ చెప్పలేదు. రైలెక్కి ఇంటికి వచ్చేశాను.