తాళం వేసి ఉన్న ఇల్లు

చిత్తూరు కోర్టు ఎదురుగోడకు ఆ సినిమా పోస్టరు అంటించిన రోజు నుంచి మునిశేఖర్‌కు తిన్నది ఒంటికి పట్టడం లేదు. పోస్టరులో నల్లకోటు హీరో వేలెత్తి ఎవరినో నిలదీస్తున్నాడు. వెనకాల తలుపు లేని గుమ్మం ఒకటి. అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘గిరిప్రసాద్ నవల మూడో పిలుపు ఆధారంగా’ అని ఉంది. అక్షరాలు చిన్నవే గాని, మునిశేఖర్ కంటికి పోస్టరు మొత్తంలో అవే కనబడ్డాయి. అరవై మూడేళ్ల మనిషి, కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చి, రోడ్డుకు ఇవతల నిలబడి ఆ పేరు చదివాడంటే కడుపులో ఎంత మంట ఉందో మీరే అనుకోండి.

ఇంతకీ గిరిప్రసాద్ ఎవరు? నిన్నమొన్నటి దాకా ఒక వకీలు దగ్గర గుమాస్తా. చంకలో ఫైళ్ల కట్ట పెట్టుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ కోర్టు మెట్లెక్కి దిగిన మనిషి. మునిశేఖర్ కనబడితే “అన్నా, టీ తాగుదాం రా” అని వెంటపడేవాడు. అలాంటివాడి నవల పదకొండుసార్లు అచ్చయింది. తిరుపతి బస్టాండు పుస్తకాల అంగట్లో వారపత్రికల పక్కనే కట్టలు కట్టలుగా పెట్టి అమ్మారు. కాలేజీ పిల్లలు బస్సుల్లో నిలబడి చదివారు. ఇప్పుడు సినిమా కూడా వచ్చింది. అది నడుస్తోంది కూడా, అదీ అసలు బాధ.

మునిశేఖర్ కోర్టు అమీనా. ముప్పై నాలుగేళ్లు సమన్లు చేరవేసి పింఛను పుచ్చుకున్నాడు. బస్సు పోయినంత దూరం బస్సులో, ఆ పైన కాలినడకన పోయి, కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుని రావడం ఆయన పని. కొన్ని ఊళ్లలో మజ్జిగ ఇచ్చేవాళ్లు, కొన్ని ఊళ్లలో కుక్కను వదిలేవాళ్లు. పుత్తూరు దగ్గర ఒక పల్లెలో అలాగే కుక్క తరిమితే పడి చెయ్యి విరిగింది. పుత్తూరులోనే కట్టు కట్టించుకుని, మర్నాడు మళ్లీ ఆ ఇంటికే పోయి, ఎడమచేత్తో సమను అందించి వచ్చాడు. ఆ సంగతి చెప్పుకోవడం ఆయనకు చాలా ఇష్టం. కానీ ఎన్నిసార్లు చెప్పినా దాన్ని ఎవరూ నవలగా రాయలేదు.

మనిషి దొరకనప్పుడు ఏం చేయాలో కూడా ఒక పద్ధతి ఉంది. సమను నకలు బయటి తలుపుకు అతికించాలి. ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించాలి. కాగితం వెనకాల ‘ఇంటికి తాళం వేసి ఉన్నందున బయటి తలుపుకు అతికించడమైనది’ అని రాయాలి. కొన్ని వేలసార్లు రాసిన వాక్యం అది. కలం చేతికిస్తే నిద్రలో అయినా రాసేస్తాడు.

పన్నెండేళ్ల కిందట కార్తీక మాసంలో ఒకరోజు ఆ వాక్యమే ఆయన కొంప ముంచింది. కాదు, ఆయన కొంప కాదు, పోలేరమ్మ కొంప.

పోలేరమ్మ పూతలపట్టు అవతల పల్లెలో కూలికి పోయే మనిషి. ఆమె ఇంటి స్థలం తనదని పక్కింటివాడు దావా వేశాడు. సమను పట్టుకుని మునిశేఖర్ పూతలపట్టు క్రాసులో బస్సు దిగేసరికి వాన దంచి కొడుతోంది. అక్కడి నుంచి పల్లెకు రెండు మైళ్లు, అంతా బురద. టీ అంగట్లో కూర్చుని గంట చూశాడు. వాన తగ్గలేదు. పొద్దుటిపూట కూలిజనం ఎవరు ఇంట్లో ఉంటారులే అనుకున్నాడు. కాగితం తిప్పి ఆ వాక్యం రాసి, టీ అంగడాయన చేత, బస్సు కోసం నిలబడ్డ ఇంకొకాయన చేత సంతకాలు పెట్టించి, తిరుగు బస్సు ఎక్కేశాడు. ముప్పై నాలుగేళ్లలో అదొక్కసారేనని ఆయన అంటాడు. మనం నమ్ముదాం.

వాయిదా నాడు కోర్టు వరండాలో జవాను పోలేరమ్మ పేరు మూడుసార్లు పిలిచాడు. మనిషికి తెలిస్తే కదా పలకడానికి! తీర్పు పక్కింటివాడికి వచ్చేసింది. కొన్నాళ్లకు ఆమె ఏడుస్తూ కోర్టుకు వచ్చి కనబడిన ప్రతివాడినీ అడిగింది. “మా ఇంటికి తలుపే లేదు సామీ. గోడలు లేపి ఆడికే నిలిపేసినాం, గుమ్మానికి పాత కోక కట్టుకున్నాం. కోకకు తాళమెట్లా ఏస్తారు?” ఆ మాటలు అంటున్నప్పుడు మునిశేఖర్ రికార్డు గది బీరువా వెనక నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లిపోయే దాకా బయటికి రాలేదు.

ఆ తర్వాత నెలకో రెండు నెలలకో, టీ తాగుతూ గిరిప్రసాద్‌కు ఈ సంగతి చెప్పాడు. తన పేరు చెప్పలేదు. “మావోడొకడుండాడులేప్పా, తలుపు లేని ఇంటికి తాళమేసినాడు,” అని నవ్వుతూ చెప్పాడు. లోపల దాచుకోలేక నోరు జారాడు, అంతే. ఆ నోరు జారిన మాటే ఇవాళ హాళ్లలో ఈలలు వేయిస్తోంది.

భార్య కోమలి పట్టుపట్టి ఆయన్ను తిరుపతికి లాక్కెళ్లి సినిమా చూపించింది. ఆమె అప్పటికే ఇరుగుపొరుగుతో ఒకసారి చూసింది. సినిమాలో అమీనా ఒక ముసలాయన, జ్వరంతో మూలుగుతూ పల్లెకు పోలేక తప్పుడు రాత రాస్తాడు. హీరో ఆయన్ను బోనులో నిలబెట్టి, “ఆ తలుపు రంగేమిటి?” అని అడుగుతాడు. ముసలాయన నోరు తెరవడు. హాలంతా లేచి కేకలు పెట్టింది. మునిశేఖర్ మాత్రం కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. తనకు ఆ రోజు జ్వరమూ లేదు, మూలుగూ లేదు, ఆ ముసలాయన తనలాగా లేనే లేడు.

బయటికి వస్తూ కోమలి అంది. “ఎంత బుర్రబ్బా ఆ గిరిప్రసాద్‌కి! తలుపు లేని ఇంటికి తాళమంట! నువ్వూ ముప్పై నాలుగేండ్లు ఆ కోర్టులోనే ఉంటివే, నీకొక్కటన్నా ఇట్లాంటిది తట్టిందా?”

ఒళ్లంతా కారం పూసినట్టయింది మునిశేఖర్‌కు. అది తట్టింది కాదు, జరిగింది. జరిగింది తన చేతి మీదుగా. అయినా భార్య దగ్గర నోరు విప్పలేకపోయాడు. పేరు కావాలంటే తప్పు ఒప్పుకోవాలి, తప్పు దాచుకోవాలంటే పేరు వాడికి వదిలేయాలి. ఆ రోజు నుంచి ఆయనకు ఈ రెంటి మధ్య నలగడమే పనైపోయింది. గిరిప్రసాద్ టీవీలో కనబడితే ఛానలు మార్చేవాడు. మార్చి, మళ్లీ అదే ఛానలు పెట్టి వాడు ఏం మాట్లాడుతున్నాడో వినేవాడు. వాడు కొత్త చొక్కా వేసుకున్నా, జుట్టుకు రంగు వేసుకున్నా అదంతా తన సొమ్మేనని అనిపించేది.

చిత్తూరు గ్రంథాలయం హాల్లో గిరిప్రసాద్‌కు సన్మానం పెట్టారు. మునిశేఖర్ వెళ్లకూడదనుకున్నాడు. వెళ్లి, రెండో వరుసలో కూర్చున్నాడు. వకీళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి ఆ తలుపు సంగతే పొగిడారు. చివరికి గిరిప్రసాద్ శాలువా సర్దుకుని మైకు ముందుకు వచ్చాడు.

“ఈ కథ మొదలయ్యింది ఒక స్నేహితుడు టీ తాగతా సెప్పిన మాటతో. ఆయన పేరు మాత్రం నేను సెప్పను,” అన్నాడు.

సెప్పడంట! మునిశేఖర్‌కు కళ్లు మసకబారాయి. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు వేదిక ఎక్కాడో ఆయనకే తెలియదు. మైకు లాక్కున్నాడు.

“ఆ కథ నాది! నేను సెప్పిందే ఈయప్ప రాసుకున్నాడు.”

జనం చప్పట్లు కొట్టారు. పాత స్నేహితుడు ముచ్చటపడి లేచాడనుకున్నారు. అప్పుడు ముందు వరుసలో ఉన్న జోయల్ అనే కుర్ర వకీలు లేచి నిలబడ్డాడు. “సార్, అయితే ఇది నిజంగా జరిగిందా? ఆ అమీనా ఎవరు సార్?”

ఎవడో పాతాయన, చచ్చిపోయాడు అని చెబితే సరిపోయేది. కానీ ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతున్నాయి. తన కథలో మళ్లీ ఎవడో పరాయివాడిని నిలబెట్టడానికి మునిశేఖర్‌కు మనసొప్పలేదు.

“ఎవురో ఏంది? నేనే!”

జోయల్ కూర్చోలేదు, ఆయన వంకే చూస్తూ ఉండిపోయాడు. గిరిప్రసాద్ వచ్చి మునిశేఖర్ భుజం పట్టుకుని పక్క తలుపు గుండా వరండాలోకి తీసుకుపోయాడు.

“ఎందుకన్నా ఇట్లా సేస్తివి? నువ్వేనని నాకు ఆపొద్దే తెలుసు. పరాయోడి సంగతి సెప్పేవాడికి టీ గలాసు అట్లా వణకతాదా?”

“తెలిసే నా కథ ఎత్తుకుంటివా?” అన్నాడు మునిశేఖర్. ఆ నిమిషంలో కూడా ఆయనకు అదే పట్టింది.

“నువ్వు సెప్పింది నాలుగు మాటలన్నా. మిగతాదానికి నేను పూతలపట్టులో దిగి ఆ రెండు మైళ్లూ నడిసినాను. ఒకసారి కాదు, ఏడెనిమిదిసార్లు. ఆయమ్మ గుమ్మానికి కట్టిన కోక ఏ రంగో నీకు తెలుసా?”

సినిమా హాల్లో కుర్చీ చేతిని పట్టుకున్నట్టే మునిశేఖర్ వరండా కమ్మీని పట్టుకున్నాడు.

“ఆ తీర్పు కొట్టేయమని ఆయమ్మ పిటిషను అయిదేండ్లుగా కోర్టులో ఉండాది. జోయలే వకీలు. సమను తేలేదని అమీనా ఒక్క మాట రాసిస్తే సాలు. నువ్వు సంతకం పెట్టిన పాత సమను రికార్డులో దొరకలేదు. నీ పింఛను మీదికొస్తాదని నేను వానికి నీ పేరు సెప్పలేదు, నవల్లో ముసలాయనకు జ్వరం పెట్టినాను. ఇప్పుడు నువ్వే మైకులో సెప్పేస్తివి. ఇంక నీ ఇష్టం.”

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు మునిశేఖర్. కోమలికి అంతా చెప్పాడు. ఆమె అన్నీ విని, చివరికి “ఆయమ్మ ఇప్పుడు యాడుండాదో?” అని మాత్రం అడిగింది. నిజం చెప్పాలంటే మునిశేఖర్‌కు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు, ఈర్ష్యే. ఈసారి పేరు మీద కాదు, సినిమా మీద కాదు. జీతం పుచ్చుకుని తాను నడవని ఆ రెండు మైళ్లు, ఎవడూ పొమ్మనకుండానే వాడు ఏడెనిమిదిసార్లు నడిచాడు. అది మాత్రం ఎవరూ వాడి దగ్గర లాక్కోలేరు.

మర్నాడు పొద్దున్నే పూతలపట్టు క్రాసులో బస్సు దిగాడు. టీ అంగడి ఉన్న చోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. వాన లేదు. రెండు మైళ్లూ నడిచేసరికి మోకాళ్లు పీకాయి. ఊళ్లో అడిగితే చూపించారు. వేపచెట్టు కింద ఒక ఆడమనిషి చెనక్కాయలు ఒలుస్తోంది. జుట్టు నెరిసిపోయింది.

“ఎవురు సామీ?” అంది. పోలేరమ్మే, ఆ గొంతు ఆయన మరిచిపోలేదు.

“కోర్టు నుంచి,” అన్నాడు అలవాటు కొద్దీ.

“మళ్లా ఏం కాగితం తెస్తివి?” ఆమె చేతులు ఆగిపోయాయి.

“కాగితం తేలేదమ్మా. నీ ఇల్లు సూసిపోదామని వచ్చినా.”

ఆమె గడ్డం ఎత్తి ఎదురుగా చూపించింది. “అదే. ఇప్పుడు పక్కింటోళ్లది. చెనక్కాయ మూటలు ఏసుకుంటారు. నేను ఈడ మా చెల్లెలి పంచన ఉండాను.”

మునిశేఖర్ చూశాడు. గోడలకు సిమెంటు పూసి ఉంది. గుమ్మానికి పచ్చరంగు తలుపు, ఆ తలుపుకు అరచేయంత తాళం. ఇంటికి తాళం వేసి ఉంది, బయటి తలుపు ఉంది. పన్నెండేళ్ల కిందట టీ అంగట్లో కూర్చుని ఆయన రాసిన వాక్యంలో ఇప్పుడు ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

ఆ తలుపు దాకా పోయి తాళం పట్టుకుని చూశాడు. తర్వాత ఫోను తీసి జోయల్‌కు చేశాడు. సంతకం పెడతానని, కాగితం టైపు చేయించమని చెప్పాడు. ఏమని రాయమంటారు సార్ అని అడిగాడు జోయల్.

“ఆపొద్దు నేను ఈడికి రాలేదని రాయప్పా,” అన్నాడు మునిశేఖర్.