ఆరు బడులు, ఒక మేక

అమ్మతోడు, ఇందులో ఒక్క అక్షరం కల్పితం లేదు. (నమ్మకపోతే వర్ధన్నపేట బస్టాండులో ఎవరినైనా అడగండి. వాళ్ళందరికీ నేనే చెప్పాను.)

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ళ వయసు, ఒక పాత మోపెడ్, సర్కారు బడులను కొలిచే కాంట్రాక్టు ఉద్యోగం ఉండేవి. పొగరుకు అంతకన్నా ఏం కావాలి? ఆరు ప్రాథమిక పాఠశాలలు, రోజుకొకటి చొప్పున తిరిగి, మూడో తరగతి పిల్లల చేత చదివించి, ఏది ముందుందో ఏది వెనకబడిందో పట్టిక పంపాలి. చివర నిలిచిన బడిలోంచి ఒక టీచరును తీసేస్తారని ఆఫీసులో అనుకునేవారు. (చదువు రాని బడిలోంచే టీచరును ఎందుకు తీస్తారని అడగకండి. నేనూ అడగలేదు.) చదివించడానికి నా జేబులో ఒకే ఒక కార్డు. అంగడికి పోయిన మేక కథ.

సోమవారం మొదటి బడి. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. పిల్లలు ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, ఆగి ఆగి చదివారు. నేను మార్కులు వేస్తుంటే పెద్దమేడం దగ్గరికి వచ్చింది. "తమ్మీ, కొత్త పాఠమైతే మా పోరగాళ్లు గిట్లనే చదువుతరు. జర సూసి రాయి. ఇంకో మేడంను తీస్కపోతే ఐదు క్లాసులు నా ఒక్కదానితోని కాదు."

"రూల్స్ అందరికీ ఒక్కటే మేడం" అన్నాను, రూల్స్ నేనే రాసినట్టు.

మంగళవారం బడి కొంచెం నయం. బుధవారం బడి ఇంకా నయం. శుక్రవారం ఒక పిల్ల చదువుతూ మధ్యలో తడబడితే, వంట చేసే అవ్వ పొయ్యి దగ్గర నుంచే "మేక తాడు తెంపుకుంటది బిడ్డా" అని అందించింది. శనివారం ఆరో బడిలో ఒకడు కార్డును తలకిందులుగా పట్టుకొని గడగడా చదివేశాడు. నేను పరవశించి అక్కడి సారును మెచ్చుకున్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"నీకు తెల్వదానె? సార్లం, మేడంలం అందరం హన్మకొండ నుంచి ఒక్కటే బస్సుల వస్తం. మంగళవారం సంది బస్సుల నీ మేక ముచ్చటే నడుస్తాంది. కండక్టర్‌కు సుత నోటికొచ్చింది. కొత్త సారును సూసి పిల్లలు బుగులుపడొద్దని మొదలు చెప్పింది గా సోమవారం బడి పెద్దమేడమే."

పట్టిక తీసి చూశాను. బడుల ర్యాంకులు కావవి, నా మోపెడ్ తిరిగిన దారి. చెప్పిన మేడం బడే అందరికన్నా కింద ఉంది.

మరుసటి వారమే కొత్త కార్డుతో, ఆరో బడితో మొదలుపెట్టి మొదటి బడి దాకా వెనక్కి తిరిగాను. పట్టిక అచ్చంగా తిరగబడింది. రెండూ కలిపి సగటు తీసి పంపాను. ఆఫీసరు అద్దాలు పైకి జరిపి, "ఏందయ్యా, ఆరు బడులూ ఫస్టేనా?" అన్నాడు. "సగటున సార్" అన్నాను. ఏ టీచరూ కదలలేదు.

అమ్మతోడు అన్నాను కాబట్టి చెప్పక తప్పదు. మేక నిజం, బస్సు నిజం, తలకిందుల కార్డు నిజం. రెండో వారమే అబద్ధం. మళ్ళీ తిరగాలంటే తప్పు ఒప్పుకోవాలి కదా, అందుకని ఆ శనివారమే పాత పట్టిక పంపేశాను. పెద్దమేడం ఆ ఏడాదంతా ఐదు తరగతులూ ఒక్కతే చెప్పింది. నేనెప్పుడు వెళ్ళినా "రా తమ్మీ, చాయ్ తాగు" అనేది.

ఇప్పుడు ఈ కథ ఎవరికి చెప్పినా, రెండో వారం దగ్గరికి రాగానే కథలోనే మోపెడ్ తీసి బయలుదేరతాను. ఇరవై నాలుగేళ్ళ వాడు బద్ధకించిన ఆ తిరుగుడంతా, ఈ నడుం నొప్పితో నేను తిరుగుతున్నాను.