ఆలస్యంగా పడే దెబ్బ

ప్రేమ్ సాగర్ ఏ పాటనూ ఊరికే వినడు. ముందు అది ఎక్కడి నుంచి వస్తోందో చూస్తాడు. పెళ్ళిలో అందరూ పాడే మనిషిని చూస్తుంటే, ఈయన స్పీకరు పెట్టెల వెనక్కి వెళ్ళి వైర్లు వెతుకుతాడు. టెక్కలిలో ఆయన్ని ఎరిగినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. "మీరు పరలోకానికెళ్ళినా, దేవదూతల బూరల్లో బేటరీలున్నాయేమో అని సూత్తారు" అంటుంది భార్య మగ్దలీన.

ఈ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉండగా ఆయనకీ ఒక జట్టుండేది. ఈయన గిటారు, స్నేహితుడు ప్రభాకరరావు డ్రమ్ములు. చర్చి పండుగలకి ఇచ్ఛాపురం దాకా వెళ్ళి వాయించేవారు. తమ పాటలతో ఒక కేసెట్టు కూడా విడుదల చేశారు. తర్వాత సంఘానికి కీబోర్డు వచ్చింది. మీట నొక్కితే డ్రమ్ములు వాటంతటవే మోగేవి. ప్రభాకరరావు తన డ్రమ్ముల మీద గోనెపట్టా కప్పాడు, మళ్ళీ తియ్యలేదు. కొన్నేళ్ళకి మనిషే పోయాడు. ఆ తర్వాత ప్రేమ్ సాగర్‌కి ఏ పాటా ఒంటబట్టలేదు. ఎవరు వాయించినా, వెనకాల ఏదో పెట్టె పనిచేస్తోందనే అనిపించేది. పాట విని సంతోషించడం తన వల్ల కాదని బెంగపడేవాడు కూడా.

అలాంటి మనిషికి సంఘపెద్ద పాపారావు ఒక పని అప్పజెప్పాడు. పలాసలో కొత్తగా రాక్ బ్యాండు ఒకటి మొదలైందట. పాతకాలం పద్ధతిలో ఒక గిటారు, ఒక బేసు, డ్రమ్ములు, అంతే. కోతపండుగలో వాయిస్తామని అడుగుతున్నారు.

"నువ్వెళ్ళి సూడు బావా. నిజంగా వాయిత్తన్నారా, మాయ సేత్తన్నారా? నువ్వు సరే అంటేనే పిలుత్తాం" అన్నాడు పాపారావు.

దొంగని పట్టుకోమంటే పోలీసుకి ఎంత హుషారో, ఈయనకి అంత హుషారు వచ్చింది.

మూతబడిన జీడిపప్పు గోదాములో ఆ పిల్లలు సాధన చేస్తున్నారు. పలకరింపూ లేదు, పాడూ లేదు, ప్రేమ్ సాగర్ నేరుగా వెళ్ళి స్పీకరు వెనక చూశాడు. మూల ఉన్న పట్టా ఎత్తాడు. కింద టిఫిను డబ్బాలున్నాయి.

"ఏటి ఎతుకుతున్నారంకుల్?" అంది డ్రమ్ముల ముందు కూర్చున్న హిమజ.

"ఏటి దాసేరో అదే" అన్నాడు.

వాళ్ళు నవ్వుకుని వాయించడం మొదలుపెట్టారు. హంగూ ఆర్భాటం లేదు. గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినబడుతోంది. ప్రేమ్ సాగర్ కాలు తాళం వెయ్యబోయింది. తన కాలు మీద కూడా అనుమానం వచ్చి ఆపేశాడు.

తర్వాత ఎత్తుకున్న పాట ఆయన జట్టుదే. చరణం చివరికి వచ్చేసరికి, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బ ఒక్క రవ్వ ఆలస్యంగా పడింది. ఆ దెబ్బ ఆయనకి బాగా తెలుసు. అది ప్రభాకరరావు కాలు.

"ఆపండి" అన్నాడు. "ఈ పాట మీకెక్కడిది?"

"మీ కేసెట్టే అంకుల్. మగ్దలీన ఆంటీ ఇచ్చారు."

దొంగ ఇంట్లోనే ఉందన్నమాట. ఆ సంగతి తర్వాత తేల్చుకోవచ్చనుకుని, వంగి హిమజ కాలి కింద పెడల్ని చేత్తో నొక్కి చూశాడు. కొత్తది. స్ప్రింగు చక్కగా ఉంది.

"మరి సరణం సివర దెబ్బ లేటుగా ఎందుకు కొడతన్నావు?"

"కేసెట్టులో అలాగే ఉందంకుల్. టయానికి కొట్టి సూసాం. పాట సచ్చిపోయినట్టుంది. ఆయన కావాలనే ఆగేరనుకున్నాం."

"కావాలని కాదమ్మా. పాత పెడలు. అక్కడికొచ్చేసరికి స్ప్రింగు పట్టేసేది."

హిమజ ముఖం చిన్నబోయింది. "అయితే తప్పా? సరిసేసెయ్యమంటారా?"

సరిచెయ్యరా అని ప్రభాకరరావుని ఈయన ఎంత సతాయించాడో లెక్కలేదు. వేదిక మీదే కసిరిన రోజులున్నాయి. "లేటైనా వొత్తాది గదా మావా" అని నవ్వేసేవాడు వాడు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి ప్రేమ్ సాగర్‌కి దుఃఖం పొంగుకొచ్చింది.

"వొద్దు. దాన్ని ముట్టుకోకండి" అన్నాడు.

అంతలో పాపారావు ఫోను చేశాడు. "ఏటి బావా, మాయేనా?"

"పిలు. పండక్కి ఈళ్ళనే పిలు. కీబోర్డు బయటికి తియ్యొద్దు" అన్నాడు ప్రేమ్ సాగర్. అవతల పాపారావు ఆశ్చర్యపోయేలోగా గొంతు గట్టి చేసుకున్నాడు. "కానీ నాకింకా అనుమానంగానే ఉంది. రేపు కూడా వొచ్చి సూడాల. ఎల్లుండి కూడా."

ఫోను జేబులో పెట్టుకుని, స్పీకర్ల వెనక్కి కాకుండా ఎదురుగా గోనెసంచి మీద కూర్చున్నాడు.

"మళ్ళీ కొట్టమ్మా. నువ్వే కొడతన్నావో లేదో సూడాల" అంటూనే కళ్ళు మూసుకున్నాడు.

హిమజ మొదటి నుంచి ఎత్తుకుంది. చరణం చివర ఆయన ఊపిరి బిగబట్టాడు. దెబ్బ ఆలస్యంగానే వచ్చింది.