లైనింగుకి గ్రీజు

మా బావ దగ్గరున్న గాలం రీలు సముద్రపు చేపల కోసం చేసింది. ఆయన పెళ్ళికి ముందు విశాఖ రేవులో మూడేళ్ళు పనిచేసి నందిగామ తిరిగొచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సామాను ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట, ఈ రీలు. రెండు వైపులా నల్లటి పలకలు, మధ్యలో ఇత్తడి చుట్ట, కుడిపక్క పిడి, పిడి కింద నక్షత్రం ఆకారంలో ఒక చక్రం. తర్వాత ఆయనకు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారి ఉద్యోగం వచ్చింది. మున్నేటి ఒడ్డున వెదురుకర్రకు దారం కట్టుకుని కూర్చునేవాళ్ళు ఆ రీలు చూసి, "బావిగిలక ఎత్తుకొచ్చారేంటి మాస్టారూ, నీళ్ళు తోడతారా?" అనేవాళ్ళు. అప్పట్నుంచి మా ఇంట్లో కూడా అది గిలకే.

నేను జగ్గయ్యపేటలో ఒక దినపత్రికకు విలేకరిని. వారమంతా రాసిన వార్తలు కవర్లో పెట్టి బెజవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. ఆదివారం మాత్రం కవరు లేకుండా నేనే ఆ బస్సెక్కి నందిగామలో దిగేవాణ్ణి. బావ స్కూటరు మీద సిద్ధంగా ఉండేవాడు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి అక్క చేసిచ్చిన ఎరముద్ద నా ఒళ్ళో, గాలం కర్ర నా భుజం మీద. కీసర వంతెనకు ఎగువన ఒక రాతిగట్టు ఉంది. అక్కడ కూర్చుంటే మధ్యాహ్నం దాకా మా ఇద్దరికీ మాట్లాడుకోవలసింది ఏమీ ఉండేది కాదు. అంత సుఖంగా ఊరుకున్న గంటలు నా జీవితంలో మరెక్కడా లేవు. వారమంతా మనుషుల చేత మాట్లాడించడమే నా పని కదా.

చేప తగిలినప్పుడు ఏం జరగాలో ఆ గిలక దగ్గరే నేర్చుకున్నాను. పెద్ద చేపను బలంగా ఆపితే దారం తెగుతుంది. పూర్తిగా వదిలేస్తే చేప పోతుంది. కొంత బిగువుతో పట్టుకుంటూనే వదలాలి. ఆ పని నక్షత్రం చక్రానిది. దాని లోపల రేకు బిళ్ళలూ తోలు బిళ్ళలూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. చక్రం బిగిస్తే అవి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. చేప లాగుడు ఆ నొక్కుడును మించినప్పుడు బిళ్ళలు జారతాయి, దారం వెళుతుంది. చేప అలిసినప్పుడు పిడి తిప్పి దారం చుట్టుకోవాలి. బావ ఎడమచేత్తో కర్ర పట్టుకుని, కుడి బొటనవేలితో ఆ నక్షత్రాన్ని కాస్త అటూ కాస్త ఇటూ సర్దుతూ ఉండేవాడు. దాని వైపు ఎప్పుడూ చూసేవాడు కాదు. కళ్ళు నీటి మీదే. నేను మాత్రం నీళ్ళు మానేసి ఆ వేలినే చూస్తూ కూర్చునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది. మాటకు దెబ్బ తగల్లేదు. నడక మెల్లగా తిరిగొచ్చింది. ఎడమచెయ్యి సగమే వచ్చింది. గ్లాసు పట్టుకుంటుంది గానీ, ఎవరైనా లాగితే వదిలేస్తుంది.

కిందటేడు వానాకాలం వెళ్ళాక ఆయనే అడిగాడు, "ఒక్కసారి తీసుకెళ్ళరా" అని. కారులో తీసుకెళ్ళాను. రాతిగట్టు మీద కుర్చీ వేశాను. గంటకల్లా చేప తగిలింది. ఇన్నేళ్ళలో ఎండిపోయి అట్టకట్టిన తోలు బిళ్ళలు ముందు బిర్రుగా పట్టేశాయి, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలాయి. ఆ కుదుపుకి కర్ర ఆయన చేతిలోంచి ఎగిరి రాళ్ళ మీద పడింది. నేను కాలితో తొక్కిపట్టాను. దారం తెగింది. ఆయన ఖాళీ అరచేతిని చూసుకున్నాడు. ఇంటికొచ్చాక గుమ్మంలో దిగుతూ అన్నాడు:

"ఆ గిలక ఎవరికైనా ఇచ్చెయ్. నా వల్ల కాదు."

ఇవ్వడానికని తీసుకెళ్ళి నా బల్ల మీద పెట్టుకున్నాను. ఇవ్వలేకపోయాను. ఆయన చేతిని బాగుచేయడం డాక్టర్ల వల్లే కాలేదు. కానీ ఆ చెయ్యి తట్టుకోగలిగినంత మెత్తగా గిలకను చేయగలిగితే ఆయన మళ్ళీ గట్టు మీద కూర్చుంటాడు. నాకు కావలసింది అంతే. చేప కోసం కాదు, ఆయన పక్కన కూర్చోవడం కోసం.

ఫోనులో వెతికాను. పాత రీళ్ళున్నవాళ్ళు తోలు బిళ్ళలు తీసేసి కార్బన్ గుడ్డతో చేసిన బిళ్ళలు వేస్తున్నారనీ, వాటికి పల్చగా ప్రత్యేకమైన గ్రీజు రాస్తే కుదుపు లేకుండా జారతాయనీ తెలిసింది. మా గిలక సైజువి ఎక్కడా దొరకలేదు. కార్బన్ పలకా, గ్రీజు ట్యూబూ కొరియర్లో తెప్పించాను. ఇక కోసేవాళ్ళు కావాలి.

చిల్లకల్లు దగ్గర హైవే పక్కన లారీల, ట్రాక్టర్ల క్లచ్ ప్లేట్లకు లైనింగు, అంటే పట్టునిచ్చే పొర, వేసే సాయిబు గారొకరున్నారు. బస్సు కోసం ఎదురుచూస్తూ ఆయన బెంచీ మీద చాలా ఏళ్ళు కూర్చున్నాను. రీలు విప్పి, కార్బన్ పలకతో పాటు గుడ్డ మీద పరిస్తే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు.

"ఇది క్లచ్చే కదా సార్!" అని నవ్వారు. "చేపక్కూడా క్లచ్ పెట్టారా! ఇక్కడ వదిలేసి వెళ్ళండి. మీరేం చెప్పక్కర్లా."

నేనేమీ చెప్పకుండా వచ్చేశాను. అదే నేను చేసిన తప్పు.

ఆయన చేసిన పనికి వంక పెట్టడానికి లేదు. రేకు బిళ్ళలను అద్దం ముక్క మీద వాటర్ పేపరు పరిచి, గాట్లన్నీ పోయి మెరిసేదాకా రుద్దారు. గాస్కెట్లు కోసే పంచ్‌తో కార్బన్ పలక కోస్తే మొదటిది అంచుల్లో పోగులు లేచిందట, దాన్ని పారేసి మళ్ళీ కోశారు. అన్నీ పెట్రోలుతో కడిగి, పొడిగా తుడిచి బిగించారు. మూడోరోజు నేను వెళ్ళేసరికి రీలును బల్ల మీది వైసులో బిగించి ఉంచారు.

"లాగండి సార్. లారీ కట్టి లాగినా కదలదు."

లాగాను. నిజంగానే కదల్లేదు. నక్షత్రం వదులు చేసి మళ్ళీ లాగాను. పట్టింది, పట్టింది, టక్కున వదిలింది. పాత తోలు బిళ్ళలు చేసిన పనే ఇదీ చేసింది, ఇంకాస్త గట్టిగా.

"ఇది జారాలండీ" అన్నాను.

"ఏది?"

"ఈ బిళ్ళలే. లాగుతుంటే మెత్తగా, ఆగకుండా జారాలి."

ఆయన కళ్ళజోడు తీసి నా ముఖంలోకి చూశారు. "ముప్పై ఏళ్ళుగా ఇదే పని సార్ నాది. వచ్చే ప్రతి డ్రైవరూ 'భాయ్, క్లచ్ జారుతోంది' అంటానే దిగుతాడు. జారట్లేదని వచ్చింది మీరొక్కళ్ళే."

బెంచీ మీదున్న ట్రాక్టరు డ్రైవరు, "రాసిపెట్టుకోండి సార్, పేపర్లో వేయొచ్చు" అన్నాడు.

పక్కనున్న పాత ఇనుము కొట్టులోంచి కొక్కెం కాటా ఒకటి అడిగి తెచ్చాను. దారం కొస దానికి తగిలించి లాగి చూపించాను. ముల్లు మూడు కిలోల దాకా ఎక్కింది, అక్కడ ఆగింది, ఒక్క గెంతులో ఒకటికి పడిపోయింది. బావ చెయ్యి గురించి చెప్పాను. రాళ్ళ మీద పడ్డ కర్ర గురించి కూడా చెప్పాను. సాయిబు గారు ఈసారి తనే లాగారు. రెండుసార్లు, మూడుసార్లు.

"జర్కు కొడుతోంది" అన్నారు. "కొత్తగా నేర్చుకునేవాడు క్లచ్ వదిల్తే బండి ఎగిరిద్దే, అట్టా. మరి ముందే చెప్పొద్దా సార్? చెయ్యి బాగాలేని మనిషికని?"

మళ్ళీ విప్పారు. నేను గ్రీజు ట్యూబు తీశాను.

"అదేంటి?"

"గ్రీజు. బిళ్ళలకు రాయాలి."

"లైనింగుకి గ్రీజా!" ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు. "మా నాన్న బతికుంటే పానా పెట్టి కొట్టేవాడు. లైనింగు మీద ఒక్క చుక్క ఆయిల్ పడితే ప్లేటు పారేసే ఇల్లు సార్ మాది. నా చేత్తో నేను రాయను. మీరు రాసుకోండి, నేను అటు తిరుగుతా."

నిజంగానే అటు తిరిగారు. ట్రాక్టరు డ్రైవర్ని ఏదో కారణం వెతికి కేకలేస్తూ నిలబడ్డారు. నేను వేలితో రాస్తున్నాను. రెండో బిళ్ళ పూర్తయ్యేసరికి, తల పూర్తిగా తిప్పకుండానే, "అంత దట్టంగా ఎందుకు, తుడిచెయ్యండి. గుడ్డలో ఇంకి, పైన మెరుపుంటే చాలు" అన్నారు. ఆయన చెప్పినట్టే తుడిచాను. బిగించడం మాత్రం ఆయనే బిగించారు. కాటా తగిలించి లాగితే ముల్లు రెండు దగ్గరికి ఎక్కి అక్కడే నిలబడింది, దారం వస్తూనే ఉంది. నక్షత్రం తిప్పితే ఒకటిన్నర, ఒకటి, ముప్పావు. ఎక్కడ పెట్టినా ముల్లు వణకలేదు.

సాయిబు గారు ఆ దారాన్ని చాలాసేపు లాగుతూనే ఉన్నారు. "జారడంలో కూడా ఇంత పనుందా" అని తనలో తను అనుకున్నారు.

నందిగామ వెళ్ళి గిలక ముందు పెడితే బావ ముట్టుకోలేదు. "ఇచ్చెయ్యమన్నా కదరా" అన్నాడు. కాసేపటికి కుడిచెయ్యి దానంతటదే నక్షత్రం మీదికి పోయింది.

ఎంతకు సర్దాలో తెలియాలంటే ఆయన ఎడమచెయ్యి ఎంత ఆపగలదో తెలియాలి. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి కర్ర పట్టించాను. గిలక కదలకుండా బిగించి, దారం కొసకు కాటా తగిలించి మెల్లగా లాగాను. స్కూల్లో తాడులాట ఆడించేటప్పుడు జట్టు చివర తాడు నడుముకు చుట్టుకుని, అవతల పదిమంది లాగుతున్నా నవ్వుతూ నిలబడిన మనిషి ఆయన.

"వంకాయలు తూచినట్టు తూస్తున్నావేంట్రా బామ్మర్దీ?"

"కదలమాక బావా. ముల్లు అదురుతోంది."

అక్క తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "సరిగ్గా తూచరా. ఈయన మొగ్గు తనవైపే వేసుకునే రకం."

ముప్పావు, కిలో. వేళ్ళు తెల్లబడ్డాయి గానీ పట్టు ఉంది. కిలోన్నర దగ్గర చిటికెనవేలు లేచింది, దాని వెనకే తక్కినవీ. కర్ర ఒళ్ళో పడింది. నేను కాటా వైపు చూస్తున్నట్టు నటించాను. అక్క లోపలికి వెళ్ళిపోయింది.

గిలకను కిలోకు సర్దాను.

ఆ ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. మున్నేరు ఇప్పుడు మునుపటిలా లేదు. ఇసుక తీసిన గోతుల్లో నీరు ఆకుపచ్చగా నిలబడి ఉంది. అవతలి ఒడ్డున జమ్ము దట్టంగా పెరిగింది. రాతిగట్టు మాత్రం ఉంది. ఆయన కుర్చీలో, నేను రాయి మీద. పొద్దెక్కేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మౌనం అదే అయినా, అందులో సుఖం తక్కువగా ఉంది. ఆయన నీళ్ళను చూస్తున్నాడు, నేను ఆయన ఎడమచేతిని చూస్తున్నాను.

చేప తగిలినప్పుడు కర్ర వంగింది. గిలక కిర్రుమని అరిచింది. నేను లేచి చెయ్యి చాపాను.

"ముట్టుకోమాక!" అని అరిచాడు. స్కూలు గ్రౌండులో అరిచే గొంతు అది, ఎన్నాళ్ళకో విన్నాను.

దారం వెళుతోంది. కుదుపు లేదు, ఆగడం లేదు. ఎడమచేతి వేళ్ళు కర్రను చుట్టుకునే ఉన్నాయి. చేప ఒకచోట నీటి మీదికి ఎగిరి పడింది. శీలావతి, మూడు కిలోలకు తగ్గదు. అది అలిసి నిలబడినప్పుడల్లా ఆయన పిడి నాలుగు చుట్లు తిప్పాడు. మళ్ళీ అది లాగింది, మళ్ళీ వదిలాడు. నుదుటి మీద చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు. నేను తుడవలేదు. ముట్టుకోవద్దన్నాడు కదా.

తర్వాత చేప అవతలి జమ్ము వైపు తిరిగింది. అక్కడికి పోనివ్వకూడదు. ఆపాలంటే బిగించాలి. ఆయన బొటనవేలు నక్షత్రం మీదికి వెళ్ళి, అక్కడే ఆగింది. బిగిస్తే చెయ్యి తట్టుకోదని ఆయనకూ తెలుసు. కిలో బరువుతో గిలక వదులుతూనే ఉంది, చేప జమ్ములోకి వెళ్ళిపోయింది. దారం దుబ్బులకు చుట్టుకుని తెగింది.

కర్ర మాత్రం ఆయన చేతిలోనే ఉంది. నాకైతే అది చాలు. ఆ మాటే పైకి అన్నాను.

"నీకు చాలు" అన్నాడు. "ఆ చేప నాది."

తెగిన దారం చుట్టేసి, కొస నా చేతికిచ్చాడు. కుడి బొటనవేలితో నక్షత్రాన్ని బిగించాడు. దాని వైపు చూడలేదు. కళ్ళు జమ్ము మీద ఉన్నాయి.

"లాగు."

"బావా, పొద్దెక్కింది. అక్క..."

"లాగరా."

రెండడుగులు వెనక్కి వేసి లాగాను. బిగువు నా వేళ్ళకు తెలుస్తోంది, కిలోన్నర పైనే ఉంటుంది. గిలక జారలేదు. చెయ్యే ముందు జారింది. ఒళ్ళో పడిన కర్రను ఆయన తీసుకుని, ఎడమచేతి వేళ్ళను కుడిచేత్తో ఒక్కొక్కటిగా దాని చుట్టూ మడిచాడు.

"మళ్ళీ" అన్నాడు.