సమాధుల తోటలో ఖాళీ

కోనసీమ వేరే జిల్లా అయిన ఏడాది, వానాకాలం మొదట్లో నన్ను అల్లవరం మండలంలోని ఒక పాత చర్చికి బదిలీ చేశారు. పాస్టర్లకూ బదిలీలుంటాయి, బ్యాంకు వాళ్లలాగే సామాను సర్దుకుని వెళ్లాల్సిందే. అది నా ఆఖరి పోస్టింగు. సంఘంలో సగం మంది టీచర్లు, మిగతావాళ్లలో నర్సులు, గుమాస్తాలు, పెన్షనర్లు. వాళ్ల ముత్తాతలు పాలేర్లు. ఆ సంగతి ఎవరూ దాచుకునేవారు కాదు, గర్వంగానే చెప్పుకునేవారు.

కొత్త జిల్లా కోసం ఆదివారానికో మండలాన్ని తలచుకుని ప్రార్థించాలని మా పైవాళ్లు నిర్ణయించారు. ఆరాధనలో ఇతరుల కోసం చేసే ఈ ప్రార్థనను మేం విజ్ఞాపన అంటాం. దానికో వరస ఉంది. ముందు అధికారులు, తర్వాత రైతులు, కూలీలు, మత్స్యకారులు, రోగులు, చివరికి దుఃఖంలో ఉన్నవారు. నేను దాన్ని శ్రద్ధగా తయారు చేసుకునేవాణ్ణి. నా గొంతు బాగుంటుందని పేరు. ఆ సంగతి నాకూ తెలుసు, అదే వచ్చిన చిక్కు.

మా మండలం వంతు ఎండాకాలం మొదట్లో వచ్చింది. ఆ వారం ప్రార్థనలో మా చర్చి చరిత్ర కూడా చేర్చాలనుకున్నాను. అది ఊళ్లో అందరికీ తెలిసిందే. మొదట్లో క్రైస్తవులైన కూలీలకు శవాన్ని పూడ్చుకునే చోటు లేకపోయింది. పాత శ్మశానంలోకి సొంతవాళ్లే రానివ్వలేదు. పాడె మోసుకుని కాలవగట్టు మీద దిక్కు తోచక నిలబడితే, ఒక కొబ్బరి రైతు తన తోట అంచున నేల చూపించాడు. అదే ఇప్పటి మా సమాధుల తోట. ఆ రైతు మనవడు వీర్రాజు గారు హిందువే, అయినా ఏటా చర్చి వార్షికోత్సవానికి అరటిగెల పంపుతారు.

ఆ ఆదివారానికి ముందు రోజు సాయంత్రం మరియమ్మ చనిపోయింది. ఆమె, భర్త సింహాచలం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఒక రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో కాపలా ఉండేవారు. నేను రాకముందు నుంచీ మా చర్చికి వస్తున్నారు. తలుపు పక్కన చాప మీద కూర్చునేవారు. బెంచీల మీద ఖాళీ ఉండేది. రమ్మని ఎవరూ అనలేదు, వెళ్లమనీ అనలేదు.

తెల్లవారగానే సింహాచలం మా ఇంటికి వచ్చి సమాధికి చోటు అడిగాడు. మా నియమం ప్రకారం తోటలో చోటు సంఘ సభ్యులకే. వేరే ఊరి నుంచి వచ్చినవారు అక్కడి పాస్టరు ఇచ్చే బదిలీ పత్రం చూపిస్తేనే సభ్యులవుతారు. వాళ్ల ఊరి ప్రార్థన మందిరం ఒక పాక, అక్కడ పత్రాలిచ్చే అలవాటే లేదు. ఆరాధన అయ్యాక కమిటీని అడుగుతానని చెప్పాను. సొంతంగా అనుమతి ఇచ్చే అధికారం నాకు లేదు, ఇచ్చేసి మాటపడే ధైర్యమూ లేదు.

ఆ రోజు విజ్ఞాపన బాగా కుదిరింది. నేల లేనివారికి నేల చూపించిన చేతుల కోసం స్తోత్రం చెల్లించాను. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ సింహాచలం అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా ఆమేన్ అన్నాడు. అది నాకు వినబడింది.

కమిటీ కార్యదర్శి సత్యానందం గారు రిటైరైన హెడ్మాస్టారు, నెమ్మదస్తులు. "పాపం, కాదనడం కాదండీ. ఇవాళ ఈయనకిచ్చేవంటే రేపు చెరువుల మీదున్నోళ్లందరూ వస్తారండి. మన పిల్లలకి చోటు మిగలొద్దాండీ?" అన్నారు. నేను ఒకసారి అడ్డు చెప్పాను. రెండోసారి చెప్పలేదు. అత్తా ఒకింటి కోడలే అంటారు. మావాళ్లు కోడలిగా ఉన్న రోజుల్ని ఏటా వార్షికోత్సవంలో తలచుకుంటారు, అత్తరికం మాత్రం వదులుకోరు. మావాళ్లు అంటున్నాను గానీ, తీర్మానం కింద అధ్యక్షుడిగా మొదటి సంతకం నాదే.

బయటికి వచ్చి చెప్పాను. "సరే బాబూ" అని మాత్రం అన్నాడు సింహాచలం.

సంగతి ఎవరు చేరవేశారో, మధ్యాహ్నానికి వీర్రాజు గారు చెరువుకు దగ్గర్లో ఉన్న తన వేరే తోటలో గొయ్యి తవ్వించారు. నేను తెల్ల అంగీ వేసుకుని వెళ్లి సమాధి కార్యక్రమం లోపం లేకుండా జరిపించాను. మట్టి వేశాక ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా అడిగారు.

"మా తాతగారిచ్చిన చోటు నిండిపోయిందాండీ, పాస్టరు గారూ?"

అందులో వెటకారం లేదు. చోటుండి కూడా ఇవ్వకుండా ఉంటారన్న ఆలోచన ఆయనకు రాలేదు, అంతే. మా తోటలో సగం మేర గడ్డి పెరిగి ఖాళీగా ఉంది.

"ఆయ్" అన్నాను, అవునన్నట్టు. చేతిలో బైబిలు ఉంది.

కొద్ది రోజులకు వీర్రాజు గారు సత్యానందం గారికి కబురు పంపారు. సమాధుల తోటను ఆనుకుని తనకున్న ఐదు సెంట్లూ సంఘానికి రాసిస్తారట, నిండిపోయిందన్నారు కదా అని. మాస్టారు మా ఇంటికి వచ్చి కబురు చెప్పి, కూర్చోకుండానే మళ్లీ చెప్పులేసుకున్నారు. "మనమే వెళ్లి చెప్పుకుందాం రండి" అని ఆయనే అన్నారు.

వెళ్లాం. తోట నిండలేదని, నేను అబద్ధమాడానని చెప్పాను. వీర్రాజు గారు అంతా విన్నారు. తర్వాత మా కుర్చీలు నీడలోకి వేయించి, "ఎండన పడి వచ్చేరు, బొండం తాగి వెళ్లండి" అన్నారు. ఆయన నాలుగు తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. సిగ్గుపడుతూనే ఆ నీళ్లు తాగాను.

ఐదు సెంట్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చర్చికి క్రమంగా వచ్చేవారికి పత్రం లేకపోయినా చోటివ్వాలని ఆ తర్వాతి సమావేశంలో నియమం మార్చాం. మరియమ్మకు దానితో పని లేదు.

ఒక సీమ కోసం ప్రార్థించాలంటే దాని చరిత్ర, అందులోని జనం తెలిస్తే చాలనుకునేవాణ్ణి. ఆ చరిత్రలో మనం ఇప్పుడు ఎటువైపు నిలబడ్డామో అది కూడా తెలియాలి. రిటైరయ్యేదాకా విజ్ఞాపన వరస నేనేమీ మార్చలేదు. కళ్లు మూసుకునే ముందు మాత్రం ఒకసారి తలుపు వైపు చూసేవాణ్ణి.