వేలిముద్ర కాగితం

శ్రావణమాసం మొదటి శుక్రవారం, పొద్దున పదిన్నర. బోధన్ బస్టాండులో నా పక్కన కూర్చున్న గర్భిణి ఒక కాగితం చాపింది.

"జర చదువు బాపు. దవాఖాన కాయిదమని మా మరిది రెండు కాయిదాల మీద వేలు పెట్టిచ్చిండు. ఒకటి నాకిచ్చి, ఇప్పుడే వస్తనని పోయిండు."

నేను అరవయ్యేళ్లకు రాత్రిబడిలో అక్షరాలు నేర్చినవాణ్ణి. ఇంకొకరికి చదివిపెట్టడం అదే మొదలు. కూడబలుక్కుంటూ పైకే చదివాను. తన ఇష్టంతోనే మొగుణ్ణి విడిచిపోతున్నానని ఆమె ఒప్పుకున్నట్టు రాసి ఉంది.

ఆమె ఏడవలేదు. వేలికున్న సిరాను కొంగుతో తుడుచుకుంది.

"సీతమ్మను గూడ మరిదే తోలుకపోయిండు బాపు. గాయన ఏడ్సుకుంటనన్న నిజం చెప్పిండు. గీడు బిస్కెట్ పుడ కొనిచ్చి పోయిండు."

అప్పటినుంచి ఎవరు కాగితం ఇచ్చినా ముందు మనసులోనే చదువుకుంటాను.

ఆ రోజు నేను పైకి చదివింది విన్నది పక్కనే చాయ్ అమ్మే యూసుఫ్, ఆమె, ఆమె కడుపులో బిడ్డ.